పది రోజులు తిరిగొస్తానన్నాడు

మా లాల్‌దర్వాజలో బోనాల మర్నాడు సోమవారం మధ్యాహ్నం ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ముందురోజంతా డప్పులు మోగి మోగి చెవులు దిబ్బడ కట్టి ఉంటాయి. ఇంటినిండా చుట్టాలు. పెద్ద గిన్నెలో మటన్ ఉడుకుతూ ఉంటుంది. ఊరేగింపు ఏనుగు బయల్దేరేలోపు తినేసి మేడ మీదికి ఎక్కాలని అందరూ ఒకేసారి విస్తళ్ళ ముందు కూర్చుంటారు. సరిగ్గా అప్పుడే, నేను మా ఆడబిడ్డకు రెండోసారి కూర వేస్తుండగా, మా పెద్దోడు చాలా మామూలుగా ఒక మాటన్నాడు.

"సంక్రాంతికల్లా నాలుగేండ్లు నిండుతయి కదా. బయటికొచ్చినంక ఫస్ట్ పదిరోజులు వియత్నాం పోయొస్త. నౌకరి సంగతి తర్వాత చూస్త."

గరిటె నా చేతిలోనే ఆగిపోయింది. మా ఆయన ముద్ద నోటిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. మా ఆడబిడ్డ భర్త నవ్వి, "మిలిటరీల ఉంటే మైండ్ ఖరాబైతదంటే ఇదే" అన్నారు. వాడు ఎవరికీ జవాబు చెప్పలేదు. బొక్క చీకుతూ కూర్చున్నాడు.

వాడు అగ్నివీర్. మొదటి బ్యాచ్. ఈ సంవత్సరాంతం నుంచి ఒక్కొక్క ఇంటికీ ఇలాంటి పిల్లలు తిరిగి రాబోతున్నారు కాబట్టి, నా ఇంట్లో జరిగిన గొడవ మీతో చెప్పుకోవాలనిపించింది. గొడవలో నేను మొదట ఏ పక్షాన ఉన్నానో, ఇప్పుడు ఏ పక్షాన ఉన్నానో కూడా చెబుతాను. మొదటి పక్షం గురించి చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతా. 2022 జూన్ 14న కేంద్రం ఈ అగ్నిపథ్ పథకం ప్రకటించింది. పదిహేడున్నర ఏళ్ళ నుంచి ఇరవై ఒకటి దాకా వయసు (ఆ ఒక్క ఏడాదికి ఇరవై మూడు చేశారు), నాలుగేళ్ళ కొలువు. నాలుగేళ్ళ తర్వాత నూటికి ఇరవై ఐదు మందికి మించకుండా రెగ్యులర్‌గా ఉంచుకుంటారు. మిగిలినవాళ్ళు ఇంటికి. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడు అన్న హోదా కూడా లేదు. చేతికి వచ్చేది సేవానిధి. నెలనెలా జీతంలో ముప్ఫై శాతం పట్టుకుని, దానికి సర్కారు అంతే కలిపి, వడ్డీతో దాదాపు 11.71 లక్షలు ఇస్తారు. దాని మీద పన్ను లేదు.

ప్రకటన వచ్చిన మూడో రోజు, జూన్ 17న, సికింద్రాబాద్ స్టేషన్ తగలబడింది. టీవీలో రైలు బోగీలు మండుతుంటే చూశాం. పోలీసులు కాల్పులు జరిపారు, ఒక పిల్లవాడు చనిపోయాడు. అప్పటికి రెండేళ్ళుగా మా వాడు తెల్లారుజామున నాలుగున్నరకు లేచి పరుగు తీస్తున్నాడు. గల్లీ కుక్కలన్నీ వాడికి దోస్తులైపోయాయి. ఆ రోజు వాణ్ణి బయటికి పోనివ్వలేదు. పోతాడేమోనని వాడి చెప్పులు బీరువాలో పెట్టి తాళం వేశాను. వాడు గోడకు ఆనుకుని, "పదిహేనేండ్లంటే నాలుగేండ్లే అన్నరేందమ్మా" అని ఒక్క మాటన్నాడు. నేనేం చెప్పగలను? తర్వాత రెండు నెలలు అసలు పరుగుకే పోలేదు. ఒకరోజు పొద్దున్నే బూట్ల చప్పుడు వినిపించింది. నాలుగేండ్లైతే నాలుగేండ్లు అనుకున్నాడు.

ట్రైనింగ్ ఎక్కడ పడిందనుకున్నారు? గోల్కొండ ఆర్టిలరీ సెంటర్. మిలిటరీకి పోయే కొడుకును అందరూ రైలెక్కిస్తారు, నేను ఆటోలో దింపి వచ్చాను. మా ఇంటి నుంచి గంట దూరం. ఆ నెలలన్నీ వాడు ఇదే ఊళ్ళో ఉన్నాడు, ఇదే వాన వాడి మీదా పడుతోంది, అయినా చూడడానికి లేదు. తర్వాత రాజస్థాన్ ఎండలకు, అక్కణ్ణుంచి ఉత్తరాన కొండల్లోకి పంపినా నాకు అంత దూరం అనిపించలేదు.

ఇక మళ్ళీ ఆ సోమవారానికి వస్తా.

చుట్టాలు వెళ్ళాక రాత్రి మా ఇంట్లో అసలు పంచాయితీ మొదలైంది. మా ఆయన పటేల్ మార్కెట్‌లో బట్టల హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తారు. ఆయనకు లెక్క తప్ప ఇంకో భాష రాదు. "పదకొండు లక్షల డెబ్భై ఒక్క వేలు. దాంట్ల నాలుగు లక్షలు చెల్లె పెండ్లికి. ఐదు లక్షలు తుక్కుగూడ దిక్కు జాగకు అడ్వాన్సు. మిగిలింది నీకు. వియత్నాం ఏడికెల్లి వచ్చిందిరా నడుమల?" పోయే ఖర్చు సేవానిధిలోంచి కాదనీ, తన జీతంలో దాచుకున్న డెబ్భై వేలు ఉన్నాయనీ, తనతోపాటు ముగ్గురు బ్యాచ్ పిల్లలు (శ్రీకాకుళం అబ్బాయి ఒకడు, కేరళ పిల్లలిద్దరు) వస్తున్నారనీ వాడు చెప్పాడు.

నేను మా ఆయన వైపే మాట్లాడాను. "ముందు ఉద్యోగం చూసుకో నాయనా, ఊళ్ళు ఎక్కడికి పోతాయి, నీ భవిష్యత్తు కోసమే కదా చెప్పేది" అన్నాను. ఎంత తల్లిలా అన్నానో!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పట్టకపోవడానికి కారణం మెల్లగా తెలిసింది. నాలుగో ఏడు వాడి జీతం నలభై వేలు. పన్నెండు వేలు నిధికి పోగా చేతికి ఇరవై ఎనిమిది. దాంట్లో పదిహేను వేలు ఒకటో తారీఖున నా అకౌంట్లో పడతాయి. మా ఇంటి కిరాయి అందులోంచే. అమ్మాయి కాలేజీ ఫీజు అందులోంచే. కొత్త ఫ్రిజ్ ఈఎంఐ అందులోంచే. వాడు జనవరిలో బయటికి వస్తే ఫిబ్రవరి ఒకటిన ఆ పదిహేను వేలు రావు. నా గుండెల్లో రాయి అది. దానికి నేను "నీ భవిష్యత్తు" అని పేరు పెట్టాను.

చెల్లెళ్ళూ, అక్కలూ, మీ ఇళ్ళల్లో ఎలాగో నాకు తెలియదు గానీ, పిల్లవాడు ఉద్యోగం లేకుండా ఇంట్లో కూర్చుంటే వాడు చెడిపోతాడన్న భయం మనకు నిజంగా ఎంత ఉంటుంది, మన నెల లెక్క తప్పిపోతుందన్న భయం ఎంత ఉంటుంది? నేనైతే ఆ రాత్రి రెండూ విడదీసి చూసుకున్నాను. రెండోదే పెద్దది.

మర్నాడు వాణ్ణి ఏమీ అనలేదు. ఇంకో రెండు రోజులకు ఇంకొకటి జరిగింది.

మా తమ్ముడికి తెలిసినవాళ్ళు ఒక సెల్ టవర్ల పనులు చూసే కంపెనీలో ఉన్నారు. మాటవరసకు వెళ్ళి కలిసి రమ్మన్నారు. మా వాడిది రెజిమెంటులో ఆపరేటర్ ట్రేడు, అంటే రేడియో సెట్ల పని. వెళ్ళేముందు మా అమ్మాయి వాడికి రెజ్యూమె రాద్దామని లాప్‌టాప్ తెరిచింది. "నాలుగేండ్లు ఏం చేసినవన్నా?" అంది. "డ్యూటీ చేసిన" అన్నాడు. "డ్యూటీ అంటే?" "డ్యూటీ అంటే డ్యూటీనే." ఇట్లా అరగంట. వాడికి నిజంగా చెప్పడం రాలేదు. అది చూస్తే నవ్వొచ్చింది, బాధా వేసింది. చివరికి అదే పోలీసు ఇన్‌స్పెక్టర్‌లా ఒక్కొక్క ప్రశ్న వేసి లాగింది. రాత్రి రెండింటికి సెట్ పాడైతే ఎవరు బాగుచేసేది? నేనే. బ్యాటరీలు గడ్డకట్టే చలిలో ఎట్లా కాపాడేది? చెప్పాడు. కొత్తగా వచ్చిన పిల్లలకు ఎవరు నేర్పేది? నేనే, ఏడుగురికి నేర్పిన. లెక్కల పుస్తకం ఎవరు రాసేది? చార్జి ఇచ్చేటప్పుడు ఒక్క కేబుల్ ముక్క తక్కువైనా ఎవరి మెడకు? అలా రెండు పేజీలు నిండాయి. చదివి వినిపిస్తే వాడే ఆశ్చర్యపోయాడు, "ఇది నేనేనా" అని.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన పిల్లలకు మార్కులు చెప్పుకోవడం నేర్పాం గానీ పని చెప్పుకోవడం నేర్పలేదు. సైన్యంలో అయితే నేను, నాది అని మాట్లాడడమే తప్పు, అంతా "మేము". బయటి ప్రపంచమేమో "మీరు ఒక్కరూ ఏం చేశారు" అని అడుగుతుంది. నాలుగేళ్ళు ఒక భాషలో బతికినవాణ్ణి రాత్రికి రాత్రి ఇంకో భాషలో పరీక్ష రాయమన్నట్టు ఉంటుంది అది. దానికైనా కొంత టైం ఇవ్వాలా, వద్దా?

సరే, కంపెనీలో ఒక మేడమ్ మర్యాదగానే మాట్లాడిందట. రెజ్యూమె బాగుందంది. ఆఖర్న ఒక ప్రశ్న అడిగింది: "నూటికి ఇరవై ఐదు మందిని ఉంచుకుంటారు కదా. మిమ్మల్ని ఉంచుకుంటే మీరు మా దగ్గరికి రారు. ఉంచుకోకపోతే, ఎందుకు ఉంచుకోలేదో మేం తెలుసుకోవాలి కదా?"

వాడు ఇంటికొచ్చి ఇది చెప్పలేదు. రెండో రోజు మేడ మీద బట్టలు తీస్తుంటే చెప్పాడు. "అమ్మా, నలుగుర్ల ఒకడిని ఉంచుకుంటరు. మిగిలిన ముగ్గురు ఫెయిలైనట్టేనా?"

నాకు ఒళ్ళు మండింది. ఆ మేడమ్ మీద కాదు, ఆమె తన పని చేసింది. మనం అందరం కలిసి ఈ ఇరవై ఐదుని పాసు మార్కులా చూస్తున్నాం, అదీ నా కోపం. ఊళ్ళో ఎవరు ఎదురుపడినా మొదటి మాట "పర్మనెంట్ అయితడా?" అనే. నలుగురు బాగా చేసినా ఒక్కణ్ణే ఉంచుకోవాలన్నది లెక్క. ఆ లెక్క పిల్లవాడు పెట్టింది కాదు. మైనస్ చలిలో రాత్రి కాపలా కాసినవాడు నలుగురిలో ఒకడు కాడు, నలుగురూ కాశారు. మీ ఇంటికి వచ్చే ఏడాది అలాంటి మేనల్లుడో మరిదో తిరిగొస్తే, దయచేసి ఆ ప్రశ్నతో మొదలుపెట్టకండి. "అన్నం తిన్నావా" అని అడగండి, చాలు.

ఉద్యోగాల దారులు లేవని నేను అనను. బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో అగ్నివీరులకు కొన్ని పోస్టులు కేటాయించారు. మొదటి బ్యాచ్ వాళ్ళకు వయసులో ఐదేళ్ళ సడలింపు ఉంది, పరుగు పరీక్ష మళ్ళీ పెట్టరు. రాత పరీక్ష మాత్రం ఉంటుంది. ఇగ్నోలో వీళ్ళ కోసమే డిగ్రీ పెట్టారు, సగం క్రెడిట్లు సైన్యంలో చేసిన ట్రైనింగ్‌కే ఇస్తారు. ఇవన్నీ మంచివే. అయితే చదవాలి, ఫారాలు నింపాలి, నెలలు పడుతుంది. ఈలోపు మా ఆడబిడ్డ భర్త తెచ్చిన కొలువు ఒకటి రెడీగా ఉంది. మాదాపూర్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజర్. పన్నెండు గంటల డ్యూటీ, పద్దెనిమిది వేలు. "ఫిబ్రవరి ఒకటినే జాయినైపోవచ్చు" అంటారు ఆయన. ఆ ఒకటో తారీఖు నాకెంత ముద్దొచ్చిందో నాకే తెలుసు. కానీ ఇరవై రెండేళ్ళవాడు భయంతో మొదటి తలుపులో దూరితే, అందులోంచి బయటికి రావడానికి ఐదేళ్ళు పడుతుంది. మా తమ్ముడే దానికి సాక్ష్యం. అది ఇంకో రోజు రాస్తా.

మా గల్లీ చివర ఒక ఆపా ఉంటుంది. పుట్టిల్లు బార్కాస్. ఆ పేరే బ్యారక్స్ నుంచి వచ్చింది. యెమెన్ దేశపు హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం దగ్గర సిపాయిలుగా చేరిన అరబ్బులు ఉన్న చోటు అది. 1948 సెప్టెంబర్ తర్వాత ఆ ఫౌజు పోయింది. తాతల కాలం నుంచి తుపాకీ తప్ప ఇంకో పని తెలియని ఇళ్ళల్లో మగవాళ్ళు ఒక్కసారిగా ఖాళీ అయిపోయారు. జామతోటలు, చిన్న కొట్లు, దొరికిన పని. డెబ్భైల్లో గల్ఫ్‌లో నూనె డబ్బులు మొదలయ్యాక ఎంతమంది ఆ దిక్కు పోయారో మన పాతబస్తీలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆపా వాళ్ళ తాత, తర్వాత ఆమె నాన్న, ఆ రెండు కాలాలూ చూసినవాళ్ళే. మా ఇంటి గొడవ వినగానే ఆపా అడిగింది ఒకటే. "పిల్లగాడు వచ్చి ఎన్ని రోజులైంది? సరిగ్గ నిద్రపోయిండా?" తర్వాత చెప్పింది, ఫౌజు పోయాక వాళ్ళ తాత ఆరు నెలలు పొద్దున్నే లేచి, బూట్లు తుడుచుకుని, వాకిట్లో కూర్చునేవాడట, పిలుపు వస్తుందన్నట్టు. ఆయన్ను ఎవరూ ఎక్కడికీ తీసుకుపోలేదట. "తీస్కపోయుంటే బాగుండేది" అంది.

ఆ మాట నా మనసులోంచి పోలేదు.

వేరే దేశాల్లో సంగతి కూడా కొంచెం చూశాను, మా అమ్మాయి చూపించింది. ఇజ్రాయెల్‌లో ఆడా మగా చాలామంది పద్దెనిమిదేళ్ళకు సైన్యంలోకి పోవాల్సిందే. రెండు మూడేళ్ళ తర్వాత బయటికి రాగానే చాలామంది దూరదేశాలకు నెలల తరబడి ప్రయాణం పోతారు. మన హిమాచల్‌లో కసోల్ అనే ఊరు వాళ్ళతో నిండిపోవడానికి కారణం అదే. గోవాలో కూడా కనిపిస్తారు. వచ్చి చదువుకుంటారు, ఉద్యోగాలు వెతుక్కుంటారు. అక్కడ తల్లులు భయపడరనుకోను. కానీ "సైన్యం నుంచి వచ్చాడు, కొంచెం తిరిగొస్తాడు" అన్నది ఊరందరికీ తెలిసిన మాట. మనకు ఆ మాట ఇంకా లేదు. ఇదివరకు మన దగ్గర జవాన్ అంటే పదిహేను, పదిహేడేళ్ళు చేసి, నలభై ఏళ్ళకు దగ్గర పడుతూ పెన్షన్‌తో వచ్చేవాడు. అప్పటికి పెళ్ళాం, పిల్లలు, ఇల్లు. ఇరవై రెండేళ్ళకు "మాజీ" అయ్యే పిల్లలు మనకు కొత్త. వాళ్ళతో ఎలా ఉండాలో మనమూ నేర్చుకోవాల్సిందే.

వియత్నామే ఎందుకని అడిగాను వాణ్ణి. బీచులు అంటాడనుకున్నా. కాదు. 1954లో దియెన్ బియెన్ ఫూ అనే చోట ఫ్రెంచివాళ్ళతో యుద్ధం జరిగిందట. ఆ కొండల మీదికి ఫిరంగులు రావని ఫ్రెంచివాళ్ళు ధీమాగా ఉంటే, వియత్నాం వాళ్ళు తాళ్ళు కట్టి మనుషులతోనే లాగించారట. ఫిరంగుల పటాలంలో చేసినవాడు కదా, ఆ కొండలు చూడాలట. "సెలవు దొరికితే మళ్ళా ఫిరంగులే చూస్తవారా?" అంటే నవ్వాడు. "ఈసారి లాగక్కర్లేదు కదమ్మా, టికెట్ కొని చూసుడే." కొలువులో ఉన్నన్నాళ్ళూ విదేశం పోవాలంటే పైవాళ్ళ అనుమతి కావాలి. సంతకం అడగకుండా ఒక చోటికి పోవాలని ఉంది వాడికి. నాకు అర్థమైంది. మీకూ అవుతుంది, చెప్పకుండా పుట్టింటికి పోలేని రోజులు మనకు తెలియనివా?

భయం లేదా అంటే ఉంది. ఆ పక్క దేశాల పేర్లు వింటేనే గుండె దడ. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు కదా, డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన పిల్లల్ని కంబోడియా తీసుకుపోయి సైబర్ మోసాలు చేయించారని. 2025 మార్చిలో మయన్మార్ ముఠాల చెర నుంచి బయటపడిన ఐదొందల మందికి పైగా భారతీయుల్ని థాయిలాండ్‌లోని మే సోట్ నుంచి మన వాయుసేన విమానాల్లో తెచ్చారు. వాళ్ళలో తెలుగు పిల్లలూ ఉన్నారు. అంతకన్నా దగ్గరిది, మన హైదరాబాదు పిల్లవాడే, హెల్పర్ ఉద్యోగమని నమ్మి రష్యా పోయి, యుద్ధంలో చనిపోయాడని 2024 మార్చిలో వార్త వచ్చింది. ఆయనకు తుపాకీ పట్టడం తెలియదు. మా వాడికి తెలుసు. ఆ లెక్కన ఏ ఏజెంటు కళ్ళు ఎవరి మీద పడతాయో ఆలోచించండి.

అందుకని వాడితో నేను పెట్టుకున్న షరతు ఇది. తిరగడానికి పోవడం వేరు, ఉద్యోగానికి పోవడం వేరు. రెండూ ఒకే టికెట్ మీద జరగకూడదు. తిరగడానికి పోతే రాను పోను టికెట్టు ముందే కొనాలి. అక్కడ ఎవరైనా "ఇక్కడే పని ఉంది, ఉండిపో" అంటే వినకూడదు. టూరిస్టు వీసా మీద పని చేయడం ఎక్కడైనా తప్పే. విదేశంలో కొలువే కావాలంటే ఇంటికి వచ్చి, సర్కారు ఈ-మైగ్రేట్ సైటులో ఆ ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసి, లేదంటే మన రాష్ట్ర ప్రభుత్వపు టామ్‌కామ్ ఉంది, అక్కడ అడిగి, అప్పుడు పోవాలి. వాడు బుద్ధిగా తలూపాడు. తర్వాత, "ఆర్డర్స్ అర్థమైనయ్ సార్" అని సెల్యూట్ కొట్టాడు. అట్లకాడ విసిరాను.

డబ్బు సంగతి తేల్చడమే కష్టమైంది. మా ఆయనతో నేను చెప్పిందిది. సేవానిధి మన డబ్బు కాదు. వాడికి పెన్షన్ లేదు కాబట్టి ఇచ్చింది. ముప్ఫై ఏళ్ళు రావలసింది ఒక్కసారి ఇచ్చేస్తే పండగలా కనిపిస్తుంది, అంతే. చెల్లెలి పెళ్ళికి మనం చూసుకోవాలి. చూసుకోలేకపోతే చిన్నగా చేద్దాం. కిరాయికి నేను మళ్ళీ బ్లౌజులు కుట్టడం మొదలుపెడతా, కుట్టుమిషన్ మీద నాలుగేళ్ళుగా ఇస్త్రీ బట్టలు పేరుకుపోయి ఉన్నాయి. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "జాగ అడ్వాన్సు?" అన్నారు. "వాడికి జాగ కావాలా అని వాణ్ణి అడిగినమా?" అన్నాను. ఆ విషయం ఇంకా తెగలేదు. తెగినట్టు రాస్తే అబద్ధమవుతుంది.

మధ్యలో మా అమ్మాయి అడిగింది, ఇది కూడా రాయకపోతే తప్పు. "అన్నకు పదిరోజులు ఇస్తున్నరు, మంచిగనే ఉంది. నా డిగ్రీ అయినంక నేను, నా దోస్తులు ముగ్గురం పోతమంటే పంపుతవా అమ్మా?" నేను వెంటనే, "ముందు నీ డిగ్రీ కానీ" అన్నాను. అది నా మొహంలోకి చూసి, "అన్నకు కూడా ఫస్ట్ గట్లనే అన్నరు" అంది.

నాకు ఇంటర్ పరీక్షలు ఏప్రిల్‌లో అయ్యాయి, పెళ్ళి మే నెలలో అయింది. మధ్యలో ఇరవై రోజులు ఉన్నాయి, అవి చీరలకు ఫాల్స్ కుట్టడంతో సరిపోయాయి. ఎవరూ నన్ను ఎక్కడికైనా పోతావా అని అడగలేదు. పోవాలని ఉందని నాకూ తెలియదు. దాని ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు అనడం సులువు. ఉంది. భయం అన్నదే ఆ జవాబు. నేవీ మొదటి అగ్నివీర్ బ్యాచ్‌లో అమ్మాయిలూ ఉన్నారు. రేపు వాళ్ళు కూడా ఇంటికి వచ్చి ఇదే మాట అంటారు. వాళ్ళ అమ్మలు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది నాకు. మీలో ఎవరైనా ఆ అమ్మ అయితే నాకు రాయండి, నిజంగా.

వాడు పోయిన వారం తిరిగి డ్యూటీకి వెళ్ళాడు. సికింద్రాబాద్ స్టేషన్‌లో దింపి వచ్చాం. డబ్బా నిండా సర్వపిండి, ఇంకో డబ్బాలో మామిడి తొక్కు. బోగీలో పిల్లలకు పంచి అందరూ తినేస్తారని తెలుసు, అందుకే ఎక్కువ పెట్టా. రైలు కదిలేముందు కిటికీలోంచి, "ఆ సూపర్‌వైజర్ కొలువు సంగతి మామకు ఏం చెప్పమంటవ్?" అని అడిగాడు. మార్చిలో చెబుతాడని చెప్పు, అన్నాను.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో మా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. అఫ్జల్‌గంజ్ దాటి నయాపూల్ మీదికి వచ్చాక, మూసీ వైపు చూస్తూ, "జనవరిల వియత్నాంల ఎండనా, చలా?" అన్నారు. అమ్మాయి ఫోనులో చూసి, హనోయిలో చలే నాన్నా, అంది.

"మిలిటరీ స్వెట్టర్లు వాపసు ఇచ్చి రావాల్నో ఏమో. మా షాపు పక్కన హోల్‌సేల్‌ల మంచివి వస్తయ్" అన్నారు. తర్వాత కాసేపాగి, "నాలుగు తీస్కుంట. ఆ పిల్లలు కూడ పోతున్నరు కద" అన్నారు.